కోడలి భర్త

బడికి సెలవులిస్తే అందరూ సంతోషిస్తారు, ఒక్క స్కూలు బస్సు డ్రైవర్లు తప్ప. ఆఖరి పరీక్ష రోజు సాయంత్రం పిల్లల్ని దింపేసి, బస్సు తెచ్చి షెడ్డులో పెట్టి, బ్యాటరీ వైరు పీకేసి, తాళాలు మేనేజరు చేతికిచ్చామంటే మళ్లీ బడి తెరిచేదాకా మాకు జీతం ఉండదు. ఏటా ఉండే గోలే అది. ముందునుంచీ కాస్త కాస్త వెనకేసుకుని ఎలాగో లాక్కొచ్చేవాళ్లం నేనూ మా అత్తయ్యా. కానీ ఆ ఎండాకాలం సెలవులు మాత్రం ఏకంగా నా కాపురానికే అడ్డం పడ్డాయి.

అప్పటికి నాకు పెళ్లయి కొద్ది నెలలే అయింది. రెండో పెళ్లి. మొదటి భర్త జబ్బు చేసి పోయాక నేను పుట్టింటికి వెళ్లలేదు. వెళ్లమని అత్తయ్య అనలేదు, వెళ్తానని నేనూ అనలేదు. అలా ఇద్దరం ఒకే ఇంట్లో ఉండిపోయాం. అత్తయ్య రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చే కౌంటర్లో పనిచేసి రిటైరైంది. మాట పొదుపు. చిల్లర లెక్కపెట్టి ఇచ్చినట్టే మాట్లాడుతుంది, ఒకటి ఎక్కువా ఉండదు, ఒకటి తక్కువా ఉండదు.

నేను రెండోసారి చేసుకున్నతను వేరే దేశం మనిషి. పెద్దాసుపత్రి కొత్త భవనంలో లిఫ్టులు బిగించడానికి వాళ్ల కంపెనీ పంపితే వచ్చాడు. పొద్దున్న పిల్లల్ని బడిలో దింపాక నా బస్సు సాయంత్రం దాకా ఖాళీ కాబట్టి, ఆ పనివాళ్లని తిప్పడానికి మాట్లాడుకున్నారు. మిగతావాళ్లు వెనక సీట్లలో నిద్రపోయేవాళ్లు. ఇతను మాత్రం ముందు సీట్లో కూర్చుని, మన భాష నేర్పే పాత పుస్తకమొకటి పట్టుకుని, దారిలో కనపడిన బోర్డునల్లా పైకి చదివేవాడు. ఆ పుస్తకం ఏ కాలం నాటిదో గానీ, ఒకరోజు నావైపు తిరిగి ఎంతో మర్యాదగా, "నేను భోజనము చేసితిని. మీరు చేసితిరా?" అన్నాడు. నేను బండి పక్కకి ఆపి మరీ నవ్వాను. అతను నొచ్చుకోలేదు. తప్పెక్కడో చెప్పమన్నాడు. చెప్పాను. మర్నాడు మళ్లీ చేసితినే. షెడ్డులో అందరూ అతన్ని లిఫ్టాయన అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచేదాన్ని. పెళ్లయ్యాక కూడా నోటికి అదే అంటుకుపోయింది.

పెళ్లికి ముందు ఒక్కసారి అతన్ని ఇంటికి తీసుకొచ్చాను. అత్తయ్య టీ ఇచ్చింది. ఇంతలో బడి వదిలే వేళైందని నేను వాళ్లిద్దర్నీ వదిలేసి బస్సుకి వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఎదురెదురుగా మాటా పలుకూ లేకుండా కూర్చుని ఉన్నారు. అత్తయ్య కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏదో మాట తేడా వచ్చిందనుకున్నాను. అతన్ని అడిగితే, "మీ అత్తయ్య మంచివారు" అని ఊరుకున్నాడు. అత్తయ్యని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పెళ్లి సంగతి చెప్పినప్పుడు "నీ ఇష్టం" అంది. రిజిస్ట్రారు ఆఫీసుకి రమ్మంటే మోకాళ్లు నొప్పులంది. నిజంగానే నొప్పులు. కానీ నేను మరోలా అర్థం చేసుకున్నాను.

లిఫ్టుల పని అయిపోవడం, అతని గడువు తీరడం ఒకేసారి జరిగాయి. సంతకాలు పెట్టిన తడి ఆరకముందే అతను వాళ్ల దేశం వెళ్లిపోవాల్సి వచ్చింది. మళ్లీ రావాలంటే భార్యగా నేను పిలిపించుకోవాలి. పిలిపించుకోవాలంటే, వచ్చిన మనిషి ప్రభుత్వం మీద పడకుండా నేనే పోషించగలనని రుజువు చూపించాలి. ఏడాదికి ఇంత సంపాదన ఉండాలని వాళ్లొక గీత గీసి పెట్టుకున్నారు. అతను వచ్చాక ఏం సంపాదిస్తాడన్నది వాళ్లకి అనవసరం. బడి నడిచే నెలల్లో నా జీతం ఆ గీత మీదే ఉండేది. ఏడాది మొత్తం కలిపితే జారి కిందపడేది. అవతల ఆసుపత్రివాళ్లు ఆ లిఫ్టుల్ని చూసుకోవడానికి మనిషి కావాలని, అతని కోసమే ఆ ఉద్యోగం ఆపి ఉంచారు. ఎండాకాలం దాటితే ఇంకొకర్ని పెట్టుకుంటామని కూడా చెప్పారు.

అందుకని ఆ సెలవుల్లో నేను ఖాళీగా కూర్చోలేదు. షెడ్డు మేనేజరు కాళ్లావేళ్లా పడితే, ఫ్యాక్టరీ మొదటి షిఫ్టువాళ్లని తీసుకెళ్లే బండి ఇచ్చాడు. చీకటితో లేచి ఆ ట్రిప్పు వేసేదాన్ని. వచ్చాక షెడ్డులోనే కూర్చుని చిరిగిపోయిన సీటు కవర్లు కుట్టేదాన్ని. పిల్లలు పెన్నులతో పొడిచి, బబుల్‌గమ్ అతికించి, సీట్లని నానా కంగాళీ చేసి ఉంటారు. నా బస్సువి అయిపోయాక పక్క బస్సులవి కూడా మేనేజరు నాకే ఇప్పించాడు. "వేరేవాళ్లకి ఇస్తే నాలుగు రోజులకే కుట్లూడిపోతాయమ్మా" అనేవాడు. నిజం అది కాదని ఇద్దరికీ తెలుసు. మిగతా డ్రైవర్లు కూడా ఆ పని మాక్కావాలని ఒక్కరూ అడగలేదు. వాళ్లకీ ఆ నెలల్లో జీతం లేదు మరి.

ఆ కాగితాలన్నీ పట్టుకుని వలసల ఆఫీసుకి వెళ్లాను. కళ్లజోడు మెడలో వేలాడేసుకున్న ఒక ఆఫీసరమ్మ నా జీతం స్లిప్పులు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. ఫ్యాక్టరీ బండిది, సీటు కవర్లది విడిగా తీసి పక్కన పెట్టింది.

"ఇవి పర్మనెంటు కాదు కదండీ" అంది.

"కాదండి. కానీ చేస్తున్నాను కదా."

"చేస్తున్నారు, కనబడుతోంది. కానీ వీటిని లెక్కలోకి తీసుకోవడానికి నాకు వీల్లేదు. రేపు బండి ఆపేస్తే?"

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"చూడండి, ఇప్పుడు నేను దీన్ని ఇలాగే పైకి పంపితే తిరగ్గొడతారు. తిరగ్గొడితే మళ్లీ ఏడాది దాకా పెట్టుకోవడానికి ఉండదు. అందుకని పంపడం లేదు, నా దగ్గరే ఉంచుతున్నాను. మీతో పాటు ఇంకెవరైనా జామీను సంతకం పెడతారా? స్థిరమైన రాబడి ఉండాలి. ఇల్లు లాంటిది ఉంటే మరీ మంచిది. మీ వల్ల కాకపోతే ఆ మనిషి ఖర్చు వాళ్లు భరించాలి. ఊరికే సంతకం కాదు, కొన్నేళ్లపాటు కట్టుబడి ఉండాలి. నెలాఖరులోపు తీసుకురండి."

ఆవిడ పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు ఆవిడ నా కాగితాల మీద ఒక్క ముద్ర కొట్టి పంపేసి ఉంటే నేనేం చేయగలిగేదాన్ని?

మొదట మా అన్నయ్యని అడిగాను. ఫోన్లో అంతా విని, "దానిదేముందే, మీ వదినతో ఒక మాట అని చెప్తా" అన్నాడు. మళ్లీ ఫోన్ చేస్తే బాత్రూములో ఉన్నాడన్నారు. ఇంకోసారి చేస్తే అప్పుడే పడుకున్నాడన్నారు. మూడోసారి నేనే చేయలేదు. మేనేజరుని అడిగితే పాపం ఆయన మొహం చిన్నబోయింది. "నా జీతం వచ్చీ రాగానే ఇంటి లోనుకి పోతుందమ్మా. నేను సంతకం పెట్టినా వాళ్లు ఒప్పుకోరు" అన్నాడు. ఇంకెవర్ని అడగాలి? అత్తయ్య ఉంది. పెన్షన్ వస్తుంది, ఇల్లుంది. కానీ ఏ నోటితో అడగను? మీ అబ్బాయి పోయాడు, నేను ఇంకొకర్ని చేసుకున్నాను, అతనికి మీరు పూచీ ఉండండి అని ఎలా అడగను? అసలీ సంగతి అత్తయ్య చెవిన పడకూడదనుకున్నాను. లిఫ్టాయనకి కూడా ఫోన్లో గట్టిగా చెప్పాను.

"మా అత్తయ్యకి మాత్రం చెప్పకు. అర్థమైందా?"

"అర్థమైనది" అన్నాడు.

అతను రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేవాడు. ఆ తర్వాతి రోజు నేను షెడ్డు నుంచి వచ్చి, పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. అత్తయ్య తీసింది. తడి కాళ్లతోనే లోపలికి వచ్చేసరికి ఫోన్ చెవికి ఆనించుకుని "ఊ... ఊ... సరే... ఊ" అంటోంది. నావైపు చూసి, నాకివ్వకుండానే పెట్టేసింది.

"ఏమంటున్నాడు?" అన్నాను.

"క్షేమమేనంట." ఆపైన అచ్చం అతను మాట్లాడినట్టే మాట్లాడింది. "'సంపాదన చాలలేదు. జామీను కావలెను అన్నారు. ఆమె మీకు చెప్పవద్దు అన్నది. ఆమె చెప్పదు. కావున నేను చెప్పుచున్నాను. మీరు ఏమియు చేయవలదు. ఆమె సరిగా నిద్రపోవుట లేదు, అది చూడండి.'"

నాకు తల కొట్టేసినట్టయింది. అతని మీద కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో తెలియలేదు.

"నా పెన్షన్ కాగితాలు ఎక్కడ పెట్టావ్?" అంది అత్తయ్య.

"ఎందుకత్తయ్యా?"

"జామీను కావాలన్నారంటగా."

"వద్దత్తయ్యా. మీరు పెట్టకూడదు. కొన్నేళ్లపాటు కట్టుబడి ఉండాలంట. రేపు నాకేమైనా అయితే మీ మీద పడుతుంది."

"నీకేమైనా అయితే నా మీద పడేవి చాలా ఉన్నాయి. దాంట్లో ఇదొకటి" అని బీరువా వైపు వెళ్లి, "తాళం చెవి ఎక్కడ? అన్నీ నువ్వే దాస్తావ్, ఆనక నేను వెతుక్కోవాలి" అని విసుక్కుంది.

అలా విసుక్కుంటుంటే ఇంకేం మాట్లాడను? తాళం చెవి తెచ్చిచ్చాను.

కానీ ఒక చిక్కుంది. పెన్షన్ ఒక్కటే చాలదు, ఇల్లు కూడా చూపించాలి. మామయ్య పోయాక ఇల్లు అత్తయ్య పేరునా, మా వదిన పేరునా ఉంది. వదినంటే నా మొదటి భర్తకి అక్క. పక్క ఊళ్లో బ్యాంకులో పనిచేస్తుంది. ఆమె కూడా ఒప్పుకుంటేనే ఇల్లు చూపించడానికి వీలవుతుంది. అత్తయ్య ఆమెకి ఫోన్ చేసి విషయం చెప్పింది. వదిన ఫోన్లో ఏమీ అనలేదు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది.

వచ్చి చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. వదిన ఎప్పుడూ పెంచదు.

"అమ్మా, నేను రోజూ చూసేది ఇదే. తెలిసినవాళ్లే కదా అని జామీను సంతకం పెట్టి, ఆనక మా మేనేజరు ముందు కూర్చుని ఏడ్చేవాళ్లని రోజూ చూస్తున్నా. నీ వయసులో ఇంటిమీదకి తెచ్చుకునే పనేనా ఇది?"

"ఇల్లెక్కడికీ పోదు" అంది అత్తయ్య వంకాయలు తరుగుతూ.

"అందరూ అదే అంటారు." వదిన నావైపు తిరిగింది. "నీ మీద కోపంతో కాదు ఈ మాట. నువ్వు పెళ్లి చేసుకున్నావ్, బాగుండు, నాకూ సంతోషమే. కానీ నువ్వే చెప్పు, మీ అమ్మే అయితే పెట్టనిస్తావా ఈ సంతకం?"

"పెట్టనివ్వను వదినా" అన్నాను. మనసులో మాటే అన్నాను. "నేనూ వద్దనే చెప్పాను. అత్తయ్యా, వదిన అన్నదాంట్లో తప్పేముంది? వచ్చే ఏడాది చూసుకుంటాను లెండి."

అత్తయ్య కత్తిపీట పక్కకి జరిపింది.

"ఆ అబ్బాయి గురించి నీకేం తెలుసమ్మా?" అంది వదిన. ఈసారి కొంచెం మెత్తగా. "ఒక్కసారి వచ్చి టీ తాగి వెళ్లాడు. అంతేగా?"

"అంతే. ఒక్క పూట" అంది అత్తయ్య. "ఇది బస్సుకి వెళ్లిపోయింది. నాకేమో ఆ అబ్బాయితో ఏం మాట్లాడాలో తెలీదు. అటు గోడకేసి చూస్తూ కూర్చున్నా. అతను కూడా అటే చూశాడు. మీ తమ్ముడి ఫొటో కనబడగానే లేచి నిలబడ్డాడు. నిలబడి, 'వీరు ఎలా మాట్లాడేవారు?' అని అడిగాడు."

వదిన గోడమీది ఫొటో వైపు తిరిగింది.

"నాకు ముందు అర్థం కాలేదు. ఎలా మాట్లాడేవాడంటే ఏమిటని అడిగా. గట్టిగానా, నెమ్మదిగానా, నవ్వించేవారా అన్నాడు. వాడు పోయాక ఈ ఇంటికి ఎంతమంది రాలేదు? ఎలా పోయాడని అడిగారు. ఏ ఆసుపత్రని అడిగారు, ఎంత ఖర్చయిందని అడిగారు. ఎలా ఉండేవాడని ఒక్కరడగలేదు. నువ్వు రోజూ ఫోన్ చేస్తావ్, బీపీ మాత్ర వేసుకున్నావా అంటావ్. వాడి మాట వస్తే చాలు, వానల గురించి ఎత్తుకుంటావ్. ఇదీ అంతే, లేచి వెళ్లి గిన్నెలు తోముతుంది. నేను ఏడుస్తానని మీ భయం."

"అమ్మా..."

"ఏడుస్తాను. ఆ రోజు ఆ అబ్బాయి ముందు కూర్చుని బాగా ఏడిచాను. అతను కంగారుపడలేదు. కళ్లు తుడుచుకున్నాక ఇంకోటి అడిగాడు. గుమ్మంలో దీని చెప్పుల చప్పుడు వినపడేదాకా చెబుతూనే ఉన్నాను. నా కొడుకు గురించి అంతసేపు నేనెప్పుడు మాట్లాడాను చెప్పు?"

అత్తయ్య మళ్లీ కత్తిపీట దగ్గరికి లాక్కుంది. వంకాయ ముక్కలు మళ్లీ నీళ్లలో పడసాగాయి. నేను గిన్నెలు తోమడానికే లేవబోయి, ఆ మాట గుర్తొచ్చి, అక్కడే కూర్చుండిపోయాను. రెండేళ్ల పైగా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర తిరుగుతూ మేమిద్దరం ఒకరినొకరం కాపాడుకుంటున్నామనుకున్నాం. ఆ మనిషి ఊసు ఎత్తకపోవడమే మర్యాదనుకున్నాను నేను.

వదిన కిటికీ వైపు తిరిగింది. తర్వాత ఎవరితోనూ కానట్టు, "వాడు నిద్రలో నవ్వేవాడు" అంది. "చిన్నప్పుడు పక్కనే పడుకునేదాన్ని కదా. ఉన్నట్టుండి నవ్వేవాడు. నాకు భయమేసి దుప్పటి ముసుగేసుకునేదాన్ని."

"పెద్దయ్యాక కూడా నవ్వేవారు వదినా" అన్నాను. "లేపి అడిగితే తిట్టేవారు. నేను నవ్వలేదు, నువ్వే కలగన్నావ్ అనేవారు."

వదిన నవ్వింది. నవ్వుతూనే పమిట చెంగుతో ముక్కు తుడుచుకుంది. అత్తయ్య మా ఇద్దరి వైపూ చూసి, "దేనికి నవ్వేవాడో నాకు మాత్రం చెప్పాడా ఏంటి?" అంది. ఆ పూట వంట ఆలస్యమైంది. కూర కొంచెం అడుగంటింది కూడా. ఎవరూ ఏమీ అనుకోలేదు.

అన్నాలు తిన్నాక చెయ్యి తుడుచుకుంటూ వదిన నన్నడిగింది. "ఆ ఆఫీసు పొద్దున్న ఎన్నింటికి తెరుస్తారు?"

మర్నాడు వదిన సెలవు పెట్టింది. ముగ్గురం కలిసి వెళ్లాం. అత్తయ్య ఇస్త్రీ చీర కట్టుకుని, ఉద్యోగానికి వెళ్లే రోజుల్లోలాగా జడని ముడి చుట్టుకుంది. ఆఫీసులో అన్ని కుర్చీలూ నిండి ఉన్నాయి. మా వంతు వచ్చేదాకా అత్తయ్య కౌంటరు లోపలికే చూస్తూ కూర్చుని, "ఆ అమ్మాయి పొద్దుటినుంచి మంచినీళ్లు తాగలేదు" అంది.

ఆఫీసరమ్మ నన్ను గుర్తుపట్టింది. అత్తయ్య పెన్షన్ కాగితాలు చూసింది, ఇంటి కాగితాలు చూసింది, వదిన ఒప్పుకోలు పత్రం చూసింది. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి, "వచ్చే వ్యక్తి మీకేమవుతారు?" అని అత్తయ్యని అడిగింది.

"మా కోడలి భర్త" అంది అత్తయ్య.

ఆవిడ టైపు చేయబోయి ఆగింది. "అంటే మీ అబ్బాయే కదండీ."

"కాదు. మా అబ్బాయి పోయాడు. ఇతను మా కోడలి భర్త."

ఆఫీసరమ్మ చేతులు ఆ మీటల మీదే ఉండిపోయాయి. నావైపు చూసింది, వదిన వైపు చూసింది.

"ఈవిడెవరు?"

"మా అమ్మాయి. ఆ పోయిన అబ్బాయికి అక్క."

"మీకు... అభ్యంతరం లేదా?" అని వదినని అడిగింది.

"మొన్నటిదాకా ఉందండి" అంది వదిన. "ఇప్పుడు లేదు."

ఆఫీసరమ్మ కళ్లజోడు పెట్టుకుని మళ్లీ తెర వైపు చూసింది. తల్లి, తండ్రి, అత్త, మామ, అన్న, తమ్ముడు, అన్నీ చదువుకుంటూ కిందికి వెళ్లింది. "కోడలి భర్త అని ఇందులో లేదండీ. 'ఇతరులు' అని పెట్టేస్తాను."

"అలా రాయకండి" అంది అత్తయ్య. "ఇతరులకి నేనెందుకు జామీను ఉంటాను?"

మా వెనక నిలబడ్డ పెద్దాయన ఒకాయన ఫక్కున నవ్వి, సర్దుకుని దగ్గాడు. ఆఫీసరమ్మకి కూడా నవ్వొచ్చినట్టుంది, కిందికి చూసింది. లేచి లోపల గదిలోకి వెళ్లింది. అద్దం తలుపు వెనక తన పైఆఫీసరుతో చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. ఆయన మావైపు తొంగిచూశాడు. నేను లేచి నిలబడ్డాను. అత్తయ్య మాత్రం చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, తాపీగా కూర్చుంది.

ఆవిడ తిరిగొచ్చి, "కుటుంబ సభ్యులు అని రాస్తాం. సరేనా?" అంది.

"సరే."

"ఇంకొక్క ప్రశ్న. ఇది అందరినీ అడగాలి. మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టి ఈ సంతకం పెట్టిస్తున్నారా?"

"పెట్టొద్దని బలవంతపెట్టారు, వీళ్లిద్దరూ" అంది అత్తయ్య. "నేను వినలేదు."

"రేపు మీకూ మీ కోడలికీ పడక విడిపోయినా, ఆయన ఖర్చు మీ మీదే ఉంటుంది. తెలుసా?"

"మాకు పడకపోతే ఆ అబ్బాయికేం సంబంధం? అతని అన్నం అతనికి పెడతాను. ఎక్కడ పెట్టాలో చెప్పండి సంతకం."

ఆఫీసరమ్మ వేలుతో చూపించింది. అత్తయ్య పెట్టింది. జీవితమంతా టికెట్ల లెక్కల మీద సంతకాలు పెట్టిన చెయ్యి, తొందర తొందరగా గీసి పారేసే అలవాటు. కానీ ఆ రోజు మాత్రం తన పేరు పూర్తిగా, గుండ్రంగా, బళ్లో పిల్లల్లాగా రాసింది. బయటికి రాగానే నేను అత్తయ్య చెయ్యి పట్టుకున్నాను. "ఎండ మండిపోతోంది, పదండి. ఎక్కడన్నా చల్లగా తాగుదాం" అని అత్తయ్యే నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. బతుకంతా బస్సు నడిపే నన్ను.

అనుమతి వచ్చేసరికి ఎండలు తగ్గుముఖం పట్టాయి. ఆసుపత్రివాళ్లు ఆ ఉద్యోగం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. తీరా లిఫ్టాయన విమానం దిగే రోజు, బడి తెరిచే రోజు ఒక్కటే అయ్యాయి. మొదటి రోజే సెలవు అడగడానికి నాకు మొహం చెల్లలేదు. నేనడగకముందే మేనేజరు, "సాయంత్రం ట్రిప్పు నేను వేస్తాను, నువ్వు పొద్దుటిది వేసి వెళ్లిపో" అన్నాడు. విమానాశ్రయానికి అత్తయ్యా, వదినా వెళ్లారు. వదిన అతన్ని అంతకుముందు చూడలేదు. అత్తయ్య ఒక్కసారే చూసింది. ఎలా గుర్తుపట్టారని తర్వాత అడిగితే, "గోడమీదున్న బోర్డులన్నీ పైకి చదువుకుంటూ వచ్చాడు" అంది వదిన.

నేను కొత్త పిల్లల ఏడుపుల మధ్య, ఒకరి బూటు ఒకరికి తొడిగి, ఒకరి సంచి ఒకరికిచ్చి, ఎలాగో అందర్నీ బళ్లోకి చేర్చి షెడ్డుకి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. బస్సు తాళం మేనేజరు బల్ల మీద పడేసి, ఇంటికి దాదాపు పరిగెత్తాను. మా వీధి మలుపు తిరగ్గానే అత్తయ్య గొంతు వినపడింది. తలుపు బార్లా తెరిచి ఉంది. లిఫ్టాయన పెట్టె ఇంకా గుమ్మంలోనే ఉంది. అతను కొంచెం చిక్కాడు. నన్ను చూసి లేవబోతే అత్తయ్య చెయ్యెత్తి కూర్చోబెట్టింది.

"ఉండు, అయిపోవచ్చింది. నువ్వూ కూర్చోవే. ఇది నీకూ తెలీదు" అంది నాతో.

అతని పక్కన కూర్చున్నాను. బల్ల కింద నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా, గరుకుగా, అచ్చం నాకు గుర్తున్నట్టే ఉంది. వదిన నాకు నీళ్లిచ్చింది.

"ఇది మొట్టమొదటిసారి స్కూలు బస్సు నడిపిన రోజు" అని అత్తయ్య కొనసాగించింది. "మావాడు పొద్దున్నే సైకిలేసుకుని ఎటో వెళ్లిపోయాడు. ఇదేమో మొహం మాడ్చుకుని డ్యూటీకి వెళ్లింది."

అది నాకు గుర్తుంది. ఆ రోజు గుమ్మం దాకానైనా రాలేదని నేను చాలా రోజులు మనసులో పెట్టుకున్నాను. అడగలేదు గానీ.

"మధ్యాహ్నం వచ్చి, అమ్మా కాళ్లు పట్టు అని నేల మీద పడిపోయాడు. ఏంట్రా అంటే, బస్సు వెనకాలే తొక్కాడంట. బడి దాకా. ప్రతి స్టాపులోనూ అది ఆగితే, వాడు అల్లంత దూరంలో ఆగడం. అద్దంలో కనబడకుండా పక్కకి నక్కడం. ఎందుకురా నీకీ పిచ్చి అన్నా. 'మలుపుల్లో వెనక చక్రం గట్టు ఎక్కిస్తుందేమోనని భయమేసిందమ్మా. ఎక్కించలేదు' అన్నాడు. నేను నూనె రాస్తుంటే అదే మాట. 'ఒక్క మలుపులో కూడా ఎక్కించలేదమ్మా.' తనే నడిపినట్టు."

వదిన నవ్వుతోంది. లిఫ్టాయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, అత్తయ్య మొహంలోకే చూస్తున్నాడు. నాకు ఆ పొద్దుటి రోడ్డు, నిండా పిల్లలు, చెమటకి జారిపోతున్న స్టీరింగు, అన్నీ కళ్లముందు తిరిగాయి. ఆ రోడ్డు మీద నేనొక్కదాన్నే ఉన్నాననుకున్నాను ఇన్నాళ్లూ.

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?" అన్నాను.

"ఎవరడిగారు?" అంది అత్తయ్య.

లిఫ్టాయన తన కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుని, "అయితే, ఆ సైకిలు తరువాత ఏమైనది?" అని అడిగాడు.